యూరియా నీళ్లు తాగిన గేదె: మొదటి అరగంటలో చేయాల్సింది, చేయకూడనిది

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డ్రిప్పుకు వదలడానికి 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల యూరియా కరిగించి ఉంచారు. పాలిచ్చే గేదె తాడు తెంపుకుని వచ్చి తాగింది. పావుగంటకే వణుకు మొదలైంది, పొట్ట ఉబ్బింది. వంట సోడా, వేరుశనగ నూనె కలిపి తాగించారు. డాక్టరు గారు వచ్చేలోపే గంటలో చనిపోయింది. అదే డ్రమ్ములో మూతి పెట్టిన ఇంకో గేదె మాత్రం సాయంత్రానికి తేరుకుంది. ఇంత త్వరగా ఎందుకు పోయింది, ఏం పట్టాల్సింది, యూరియా కలిపిన గడ్డి మేపమని చెబుతారు కదా అది క్షేమమేనా, వరి మడిలో యూరియా చల్లాక ఆ నీళ్లు తాగితే ఏమవుతుంది అని అడిగారు. మీ గేదె పోయినందుకు చాలా బాధగా ఉందండీ. ఒక్కొక్కటే చెబుతాను.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ విషంలో అంతా మోతాదులోనే ఉంది. యూరియా అలవాటు లేని పశువుకు కిలో బరువుకు 0.3 నుంచి 0.5 గ్రాములు ఒక్కసారిగా లోపలికి పోతే విషలక్షణాలు కనిపిస్తాయి. 1 నుంచి 1.5 గ్రాములకు ప్రాణం పోతుంది. 400 కిలోల గేదెకు ఇది 120 నుంచి 200 గ్రాముల దగ్గర మొదలై, 400 నుంచి 600 గ్రాముల దగ్గర ప్రాణాంతకమవుతుంది. మీ డ్రమ్ములో లీటరుకు 50 గ్రాముల యూరియా ఉంది. దాహంగా ఉన్న గేదె 10 లీటర్లు తాగడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అంటే అర కిలో. అది చంపే మోతాదు. రెండో గేదె బహుశా రెండు మూడు లీటర్లతో ఆగి ఉంటుంది, అందుకే వణికి తేరుకుంది. పైరు మీద పిచికారీకి కలిపే 2 శాతం ద్రావణంలో కూడా లీటరుకు 20 గ్రాములు ఉంటుంది. అది 10 లీటర్లు తాగినా ప్రమాదమే.

ఇక లోపల జరిగేది. యూరియా నేరుగా చంపదు, అది విరిగినప్పుడు పుట్టే అమ్మోనియా చంపుతుంది. పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవుల దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది యూరియాను నిమిషాల మీద అమ్మోనియాగా విరగ్గొడుతుంది. 100 గ్రాముల యూరియా నుంచి దాదాపు 57 గ్రాముల అమ్మోనియా వస్తుంది. కొంచెం కొంచెంగా వస్తే సూక్ష్మజీవులు దాన్ని మాంసకృత్తులుగా మార్చుకుంటాయి, మిగిలింది రక్తంలోకి వెళ్తే కాలేయం మళ్లీ యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఒక్కసారిగా వచ్చిపడితే కాలేయం తట్టుకోలేదు, రక్తంలో అమ్మోనియా పెరిగిపోయి మెదడును దెబ్బతీస్తుంది.

వైద్యమంతా ఆధారపడిన సంగతి ఇంకొకటుంది. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. వాయు రూపంలో ఉన్నది పొట్ట గోడ దాటి రక్తంలోకి సులువుగా పోతుంది. ఆమ్లంతో కలిసి అమ్మోనియం అయిపోయినది దాదాపుగా పోలేదు. పెద్ద పొట్టలో పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలిచే లెక్క; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉంటుంది. 7 దగ్గర నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే వాయు రూపంలో ఉంటుంది. అమ్మోనియా పెరిగేకొద్దీ పీహెచ్ కూడా 8 దాటి 9 దాకా పోతుంది. 9 దగ్గర దాదాపు సగం వాయు రూపంలోనే ఉండి రక్తంలోకి తోసుకుపోతుంది. అందుకే చూస్తుండగానే పరిస్థితి చేయి దాటుతుంది.

దీన్నిబట్టి వంట సోడా ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. పొట్ట ఉబ్బితే సోడా పట్టడం మన పల్లెల్లో అలవాటు. ధాన్యం, అన్నం ఎక్కువ తిని లోపల పులిసినప్పుడు దానికి అర్థం ఉంది, అక్కడ ఆమ్లం ఎక్కువ. ఇక్కడ సంగతి తలకిందులు. ఇప్పటికే క్షారమైపోయిన పొట్టలో ఇంకా క్షారం పోసినట్టవుతుంది. ఆమ్లాన్ని తగ్గించే మెగ్నీషియం మాత్రలు, పొడులు కూడా ఇలాంటివే. మీ గేదె తాగిన మోతాదును బట్టి సోడా ఇవ్వకపోయినా బతికేదని ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఆ భారం మనసులో పెట్టుకోకండి. కానీ చదివేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి: యూరియా అనుమానం ఉంటే సోడా ముట్టుకోవద్దు.

లక్షణాలు తాగిన 10 నుంచి 30 నిమిషాల్లో మొదలవుతాయి, ఒక్కోసారి గంట పడుతుంది. మొదట చెవులు, పెదవులు, కనురెప్పల చుట్టూ కండరాలు అదురుతాయి. పళ్లు కొరుకుతుంది, నోట్లో నురగ కడుతుంది, కడుపు నొప్పితో కాళ్లు పొట్టకేసి కొట్టుకుంటుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది. నెమరు ఆగి ఎడమ డొక్క బిగుసుకుంటుంది. తర్వాత నడక తూలుతుంది, శ్వాస వేగంగా, బరువుగా పడుతుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి బిగుసుకుపోతుంది, కొన్ని గట్టిగా అరుస్తాయి. పడిపోయి ఫిట్స్ వస్తే చావు దగ్గరపడినట్టే. సాధారణంగా ఒకటి నుంచి నాలుగు గంటల్లో తేలిపోతుంది.

ఇప్పుడు పట్టాల్సింది. పశువు ఇంకా నిలబడి, మింగగలుగుతున్నంతవరకే నోటిద్వారా ఇవ్వాలి. ఇవ్వాల్సింది వెనిగర్, చల్లటి నీళ్లు. పెద్ద పశువుకు 4 లేదా 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్న వెనిగర్ 2 నుంచి 8 లీటర్లు. ఇంట్లో మొదటి విడతగా 3, 4 లీటర్లు, దానికి సమంగా చల్లటి నీళ్లు కలిపి పట్టండి. ఏడాది లోపు దూడకు అర లీటరుతో మొదలుపెట్టి లీటరు దాకా, గొర్రెకు, మేకకు అర లీటరు నుంచి లీటరు. వెనిగర్ పీహెచ్ దించుతుంది. చల్లటి నీళ్లు లోపలి వేడిని తగ్గించి యూరియేజ్ వేగాన్ని తగ్గిస్తాయి, ద్రావణాన్ని పలచన కూడా చేస్తాయి. డాక్టరు గారు పొట్టలోకి గొట్టం వేసి ఇచ్చేటప్పుడు పెద్ద పశువుకు 20 నుంచి 40 లీటర్ల దాకా చల్లటి నీళ్లు పంపుతారు. అంత నీరు సీసాతో పట్టాలని చూడకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఒక్క సీసా వెనిగర్‌తో పని అయిపోయిందనుకోవద్దు. 5 శాతం వెనిగర్ లీటరులో 50 గ్రాముల ఆమ్లమే ఉంటుంది. అర కిలో యూరియా నుంచి వచ్చే అమ్మోనియా మొత్తాన్ని కట్టిపడేయాలంటే లెక్కప్రకారం దాదాపు 20 లీటర్లు కావాలి. అంత ఇవ్వం, ఇవ్వనక్కర్లేదు కూడా. పీహెచ్ కిందికి దిగితే రక్తంలోకి పోయే వేగం తగ్గుతుంది, ఆ వ్యవధిలో కాలేయం కొంత సర్దుకుంటుంది. అయితే లోపల మిగిలిన యూరియా విరుగుతూనే ఉంటుంది కాబట్టి తేరుకున్న పశువు కొన్ని గంటలకు మళ్లీ వణకొచ్చు. అప్పుడు మళ్లీ అదే మోతాదు. 24 గంటలూ కంట కనిపెట్టి ఉండాల్సింది ఇందుకే.

కిరాణా కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్ సరిపోతుంది, లేబులు మీద ఎసిటిక్ ఆమ్లం శాతం చూసుకోండి. రసాయనాల దుకాణంలో దొరికే గాఢ ఎసిటిక్ ఆమ్లమైతే 950 మిల్లీలీటర్ల నీళ్లలో 50 మిల్లీలీటర్లు పోసి కలపాలి. నీళ్లలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. పలచన చేయకుండా పడితే నోరు, గొంతు కాలిపోతాయి.

వెనిగర్ దొరక్కపోతే చింతపండు. కిలో చింతపండును నాలుగైదు లీటర్ల చల్లటి నీళ్లలో గట్టిగా పిసికి, పిక్కలు, పీచు వడగట్టి పట్టండి. అందులో టార్టారిక్ ఆమ్లం బాగానే ఉంటుంది, అంతా నీళ్లలోకి దిగదనుకున్నా ఒక లీటరు వెనిగర్‌కు దగ్గరగా పనిచేస్తుంది. పుల్ల మజ్జిగ మీద చాలామందికి నమ్మకం. దాంట్లో లాక్టిక్ ఆమ్లం నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఏమీ లేనప్పుడు మజ్జిగ నయమే, కానీ వెనిగర్ చేతిలో ఉండగా మజ్జిగతో కాలం గడపొద్దు.

పట్టే పద్ధతి దగ్గరే చాలా పశువులు పోతాయి. తలను వీపు మట్టానికి మించి ఎత్తవద్దు, నాలుక బయటికి లాగి పట్టుకోవద్దు. నాలుక కదలకపోతే మింగలేదు. గాజు సీసా వద్దు, పళ్లు కొరికే పశువు నోట్లో పగులుతుంది. పొడుగు మెడ ఉన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని, నోటి పక్కన పళ్లు లేని సందులోంచి పెట్టి, ఒక్కోసారి పావు లీటరు పోసి మింగేదాకా ఆగండి. మింగినప్పుడు గొంతు కింద కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. దగ్గితే వెంటనే ఆపి తల దించనివ్వండి. పడిపోయి కొట్టుకుంటున్న పశువు నోట్లో చుక్క కూడా పోయకండి. అలా పోస్తే విషం నుంచి బయటపడ్డా ఊపిరితిత్తులు చెడి రెండు మూడు రోజుల్లో పోతుంది. పడుకుంటే పక్కకు ఒరగకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, అటూ ఇటూ గడ్డి మూటలు ఆనించండి. తల పూర్తిగా నేలకు ఆనిపోకుండా, మూతి మాత్రం కొంచెం కిందికి ఉండేలా చూస్తే నురగ, నీరు బయటికి కారిపోతాయి. చుట్టూ జనం మూగి అరవకూడదు, చప్పుడుకు ఫిట్స్ పెరుగుతాయి.

వెనిగర్ కలిపే లోపే ఇంకొకరు 1962కు ఫోను చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు ఇదే. ఫోనులో "యూరియా తాగింది, ఇంత సేపైంది, ఇంత తాగి ఉంటుంది, పొట్ట ఉబ్బింది" అని చెప్పండి. గొట్టం, వెనిగర్ వెంట తెచ్చుకోవడానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది. డాక్టరు గారు వచ్చాక గొట్టం వేసి ముందు గాలి తీస్తారు. గొట్టంలోంచి వచ్చే ద్రవాన్ని పీహెచ్ కాగితం మీద వేసి చూస్తే 8 దాటి ఉంటే రోగనిర్ధారణ దాదాపు అయిపోయినట్టే. బిగుసుకుపోయిన పశువుకు కాల్షియం, మెగ్నీషియం ద్రావణం నరంలోకి ఇస్తారు, ఫిట్స్‌కు మత్తుమందు చూసి వాడతారు. ఉబ్బరం ప్రాణం మీదికి వస్తే ఎడమ డొక్క మధ్యలో ట్రోకార్ (గాలి తీసే లావు సూది లాంటి పరికరం) దించుతారు. ఖరీదైన పశువు, ఇంకా నిలబడి ఉంటే, డొక్క కోసి పెద్ద పొట్ట ఖాళీ చేయడం అన్నిటికంటే గట్టి వైద్యం. తీసేశాక మరో ఆరోగ్యమైన పశువు పెద్ద పొట్టలోని ద్రవం పోసి మళ్లీ జీర్ణం మొదలయ్యేలా చూస్తారు. ఈ విషానికి విరుగుడు సూది మందు లేదు. పురుగుమందు విషానికి ఇచ్చే అట్రోపిన్ సూది ఇక్కడ పనిచేయదు.

అందుకే ఏ విషమో గుర్తుపట్టడం ముఖ్యం. కొన్ని రకాల పురుగుమందులు తాగిన పశువుకు కంటిపాపలు చిన్నవై, నోట్లోంచి సొంగ ధారగా కారి, విరేచనాలు అవుతాయి. దానికి అట్రోపిన్ ప్రాణం పోస్తుంది. లేత జొన్న మేసి పోయేదానికి రక్తం బాగా ఎర్రగా ఉంటుంది. నైట్రేటు విషమైతే రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. యూరియాలో ఊపిరిలో అమ్మోనియా వాసన ముక్కుకు తగలవచ్చు.

ట్రాక్టరు రేడియేటర్ కూలెంటు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అదీ తొట్టిలో వదిలేస్తే పశువులు తాగేస్తాయి, రుచి తియ్యగా ఉంటుంది. దాంట్లోని ఇథిలీన్ గ్లైకాల్ పెద్ద పశువుకు కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు, నెమరు మొదలవని దూడకు 2 మిల్లీలీటర్లే ప్రమాదం. 50 కిలోల దూడకు 100 మిల్లీలీటర్లు అన్నమాట. కాలేయం దాన్ని విషపు ఆమ్లాలుగా మారుస్తుంది, చివరికి ఆక్సలేటు స్ఫటికాలు మూత్రపిండాలను పూడ్చేస్తాయి. తూలడం, వేగంగా ఊపిరి తీయడం చూసి యూరియా అనుకుని వెనిగర్ పడితే లాభం లేదు, అక్కడ రక్తంలో ఆమ్లం ఇప్పటికే ఎక్కువ. ఏం తాగిందో ఆ డబ్బాను డాక్టరు గారికి చూపించండి.

యూరియా గడ్డి సంగతి. సరిగ్గా చేసిన యూరియా వరిగడ్డి భయపడాల్సింది కాదు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 40 నుంచి 60 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాక పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పాలిథిన్ పట్టా కప్పి, మూడు వారాలు ఉంచాలి. ఈ లోపు యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచులోకి ఇంకుతుంది. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి వాసన పోయాక వేయాలి. చెడేది ఎక్కడంటే, నాలుగైదు రోజులకే తీసేసిన గడ్డిలో విరగని యూరియా మిగిలి ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే అడుగున ద్రావణం నిలుస్తుంది, పశువు అది నాకుతుంది. కలపగా మిగిలిన బకెట్టు అక్కడే వదిలేస్తారు. ప్రమాదాలు ఎక్కువగా ఈ మిగులు నీళ్లతోనే.

దాణాలో కలిపేవాళ్లకు గట్టి హద్దులు ఉన్నాయి. మొత్తం పొడి మేతలో 1 శాతం, దాణాలో 3 శాతం మించకూడదు. మొదటి రోజే పూర్తి మోతాదు ఇవ్వకుండా రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. రెండు మూడు రోజులు ఆపితే అలవాటు పోతుంది, మళ్లీ కింద నుంచి మొదలుపెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే: ఊరెళ్లి వచ్చి పాత మోతాదే వేస్తారు. ఆరు నెలల లోపు దూడలకు, ఆకలితో ఉన్నవాటికి, నాసిరకం ఎండుగడ్డి మాత్రమే తినేవాటికి ఇవ్వొద్దు. తౌడు, జొన్న పిండి లాంటి పిండిపదార్థం పొట్టలో లేకపోతే సూక్ష్మజీవులు అమ్మోనియాను వాడుకోలేవు. పచ్చి సోయాతో యూరియా కలపొద్దు, సోయాలోనే యూరియేజ్ ఉంటుంది. గడ్డలు ఉన్న యూరియాను దాణాలో వేయొద్దు, ఆ గడ్డ అంతా ఒకే గేదె నోట్లోకి పోతుంది. దాణా తొట్టిలో వాన నీళ్లు పడితే అడుగున చేరిన నీటిలో యూరియా అంతా ఉంటుంది, ఆ తొట్టిని బోర్లించేయండి. ఇంత జాగ్రత్త రోజూ కుదరదు అనుకునేవాళ్లకు దాణాలో యూరియా కలపకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వేరుశనగ చెక్క ఖర్చు ఒక గేదె ఖరీదు కంటే తక్కువే.

వరి మడి నీళ్ల గురించి అడిగారు. ఎకరానికి 45 కిలోల బస్తా చల్లి, 5 సెంటీమీటర్ల నీరు ఉందనుకుంటే అది రెండు లక్షల లీటర్ల పైమాటే. లీటరుకు పావు గ్రాము కూడా రాదు. 30 లీటర్లు తాగినా ఆరేడు గ్రాములే, యూరియా వల్ల ఏమీ కాదు. కానీ యూరియాలో గుళికల మందు (గుళికల రూపంలోని పురుగుమందు) కలిపి చల్లారా అని తప్పక కనుక్కోండి. కలిపి ఉంటే భయం ఆ మందు గురించి, ఆ మడి వైపు పశువును పోనివ్వొద్దు. గట్టు మీద బస్తా విప్పిన చోట, చేతులు కడిగిన బకెట్టులో, గుంటలో పోగుపడిన యూరియా గుళికల దగ్గరే అసలు ప్రమాదం. ఖాళీ సంచులను పశువులు నాకుతాయి. వాటిలో తౌడు నింపుకోవడం, చలికి దూడ కింద పరచడం మానుకోవాలి. యూరియాకు పూసిన వేప నూనె వల్ల విషం తగ్గదు, వాసనకు పశువు వెనక్కి తగ్గుతుందని కూడా నమ్మకండి. ఉప్పు రుచికి ఆవురావురుమనే పశువు దేన్నైనా నాకుతుంది కాబట్టి తొట్టి దగ్గర ఖనిజ లవణాల ఇటుక కట్టి ఉంచండి.

డ్రమ్ముకు మూత, ఆ మూతకు బిగించే కడ్డీ ఉండాలి. మీది కదిలించలేని ట్యాంకైతే చుట్టూ ముళ్లకంప సరిపోదు, ఇనుప జాలీ వేయండి. పశువులను నీళ్లకు వదిలాకే యూరియా కలపండి. దాహం తీరిన గేదె డ్రమ్ము వైపు పోవడం తక్కువ. పాకలో అయిదు లీటర్ల వెనిగర్, రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒక గొట్టం ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. వెనిగర్ ఏళ్ల తరబడి చెడదు.

బీమా ఉంటే కళేబరాన్ని పూడ్చేయడానికి ముందే పశువైద్యుడితో శవపరీక్ష చేయించి పత్రం తీసుకోవాలి. పొట్ట కోయగానే అమ్మోనియా ఘాటు వస్తుంది. నమూనాగా పెద్ద పొట్టలోని పదార్థం నాలుగైదు చోట్ల నుంచి, డ్రమ్ములోని నీళ్లు విడిగా తీసి, మూత బిగించి, వెంటనే గడ్డకట్టించాలి. ఎండలో ఉంచిన నమూనాలో అమ్మోనియా ఆవిరై కొంత పోతుంది, కుళ్లుతూ కొంత కొత్తగా పుడుతుంది, ఫలితం నమ్మదగినది కాదు. ఎండలో ఎక్కువ గంటలు పడి ఉన్న కళేబరంలో పీహెచ్ చూసినా అంతే.

మీ రెండో గేదెకు ఈ రెండు రోజులు పచ్చిగడ్డి, కొద్దిగా తౌడు, చల్లటి శుభ్రమైన నీళ్లు చాలు. దాణా సగం నుంచి మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పెంచండి. దగ్గు, జ్వరం, ముక్కులోంచి చీమిడి కనిపిస్తే తాగించినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయిందని అర్థం, ఆలస్యం చేయకుండా డాక్టరు గారికి చూపించండి. అదేమీ లేకుండా నెమరు వేస్తూ, పేడ మామూలుగా వేస్తుంటే ఇక భయం లేదు.